చుక్కల చిట్టా

పెళ్ళిపందిట్లో అందరికన్నా తక్కువ గౌరవం దక్కే మనిషి ఎవరో మీరెప్పుడైనా గమనించారా? పురోహితుడు కాదు, వంటవాళ్ళు కాదు, బ్యాండుమేళం వాళ్ళు అసలే కాదు. ఓ మూల బల్ల వేసుకుని, గీతల నోటుబుక్కు ముందు పెట్టుకుని చదివింపులు రాసే మనిషి. ఫలానా వారు, ఫలానా ఊరు, ఇంత... అంతే ఆయన పని. ఫోటోల్లో ఉండడు. అక్షింతలు వెయ్యడానికి లేవడు. చివరి బంతిలో, చల్లారిన పప్పుతో భోంచేస్తాడు. కానీ ఇరవై ఏళ్ళ తర్వాత అవతలి వాళ్ళింట్లో పెళ్ళి వచ్చినప్పుడు మనం బీరువా అంతా తిరగేసి వెతికేది పెళ్ళి ఆల్బం కోసం కాదు, ఆ నోటుబుక్కు కోసం!

ఆకాశానికి కూడా అలాంటి చిట్టా ఒకటి ఉంది. అందులో చాలా పేజీలు మన హైదరాబాదులో కూర్చుని రాశారు. రాసినవాళ్ళూ చివరి బంతి వాళ్ళే.

ఈ సంగతి ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, మొన్నామధ్య మా తల్లాడలో బడిపిల్లలతో నాలుగు మాటలు మాట్లాడమని పిలిచారు. నవలలు రాస్తాను కదా, కథ చెబుతానని వాళ్ళ ఆశ. నేను బెన్ను కథ చెప్పాను. వెన్ను కాదండీ, బెన్ను. ఈజిప్టు వాళ్ళ పురాణాల్లో ఒక కొంగలాంటి పక్షి పేరు. ఆ పేరు ఇప్పుడు ఆకాశంలో తిరిగే ఒక బండరాళ్ళ గుట్టకు ఉంది. పెట్టింది ఎవరో పండితుడు కాదు, పోటీలో గెలిచిన తొమ్మిదేళ్ళ పిల్లవాడు.

అమెరికాలో అరిజోనా అనే రాష్ట్రంలో టూసాన్ అని ఎడారి ఊరు ఉంది. అక్కడి యూనివర్శిటీ నాయకత్వంలో నాసా వాళ్ళు ఒక నౌకను పంపారు. పేరు ఒసైరిస్-రెక్స్. మనిషి లేని మరనౌక. 2016 సెప్టెంబరు 8న బయల్దేరి 2018 డిసెంబరులో బెన్నును చేరింది. ఈ బెన్ను గ్రహశకలం అర కిలోమీటరు కూడా ఉండదు. మా తల్లాడ సెంటర్లో తెచ్చి పెడితే వైరా రోడ్డు, సత్తుపల్లి రోడ్డు, కొత్తగూడెం రోడ్డు మూసుకుపోతాయి, అంతే. దాని చుట్టూ రెండేళ్ళు తిరిగి, 2020 అక్టోబరు 20న చెయ్యి చాచినట్టు ఒక గొట్టం చాచి, ఆరు సెకన్లు ఆనీ ఆనకుండా ఆని, గాలి ఊది, లేచిన రాళ్ళూ ధూళీ పట్టుకుంది. 2023 సెప్టెంబరు 24న ఆ మూట అమెరికాలోనే యూటా ఎడారిలో పారాచూటుతో దిగింది. తూచితే 121.6 గ్రాములు. మన ఆడవాళ్ళ లెక్కలో పది తులాలు దాటింది!

"అంత దూరం పోయి తెచ్చింది బంగారమా మేడమ్?" అన్నాడో పిల్లాడు. బంగారం కాదు, నల్లటి మట్టి. కానీ ఆ మట్టిలో ఏముందో 2025 జనవరిలో ప్రకటించారు. ప్రాణులు తమ మాంసకృత్తులు కట్టుకోవడానికి వాడే 20 అమినో ఆమ్లాల్లో 14 అందులో ఉన్నాయి. వంశపారంపర్యాన్ని రాసిపెట్టే అక్షరాలలాంటి పదార్థాలు అయిదూ ఉన్నాయి. ఎప్పుడో నీళ్ళు ఉండి ఆరిపోతే మిగిలే ఉప్పులు కూడా ఉన్నాయి. భూమి మీద ప్రాణం పుట్టకముందే దానికి కావలసిన సరుకులు పైన తిరుగుతున్నాయన్నమాట.

పిల్లలు నోళ్ళు తెరుచుకుని విన్నారు. అప్పుడు వెనక వరసలో రెండు జడల పిల్ల లేచి అడిగింది: "మేడమ్, అండ్ల మనోళ్ళు ఏం చేసిన్రు?"

"చెబుతానమ్మా, కానీ అది నూరేళ్ళ కథ" అన్నాను. అంతలో గంట కొట్టేశారు. బడిగంట ముందు ఏ నవలా రచయిత్రి నిలబడగలదు? ఆ పిల్లకు చెప్పదలిచింది మీకు చెబుతున్నాను.

ముందు ఒక చిన్న విషయం. కదిలేదాన్ని పట్టుకోవాలంటే కదలనివాటి లెక్క మన దగ్గర ఉండాలి. ఇది మా బాబాయికి తెలుసు. ఆయన మిరపకల్లం దగ్గర కాపలా పడుకునేవాడు. గొల్లకావడి ఎక్కడికొచ్చిందో చూసి వేళ చెప్పేవాడు. పిల్లలకోడి పిల్లల్ని ఎప్పుడూ ఎడబాయదనీ, గొల్లకావడిలో మూడు చుక్కలూ ఎప్పుడూ ఒక్క వరసలోనే ఉంటాయనీ, ఆ గుంపుల మధ్య ఎవరైనా కొత్తగా కనిపిస్తే అది గ్రహమనీ ఆయన లెక్క. రోజూ చూసే ఇంటిముందు కొత్త చెప్పుల జత కనిపిస్తే చుట్టం వచ్చినట్టు తెలియదూ? అలాగే.

గ్రహశకలాలు దొరికింది కూడా సరిగ్గా ఇలాగే. 1801 జనవరి 1న, ఇటలీ పక్కన సిసిలీ దీవిలో పలెర్మో అనే ఊళ్ళో పియాజీ అనే మతగురువు చుక్కల పట్టిక రాసుకుంటున్నాడు. ఆయన వెతుకుతున్నది కొత్త గ్రహం కోసం కాదు. ఉన్న చుక్కల చిట్టా సరిచేస్తున్నాడు. వృషభరాశిలో ఒక చుక్క మర్నాడు చూస్తే కాస్త జరిగింది. ఆ మర్నాడు ఇంకాస్త. అదే సీరిస్. మనిషికి దొరికిన మొదటి గ్రహశకలం. చిట్టా లేకపోతే అది లక్ష చుక్కల్లో ఒక చుక్కగా మిగిలిపోయేది.

మన దక్షిణాదికీ ఇందులో పాత వాటా ఉంది. 1861లో మద్రాసు వేధశాలలో పాగ్సన్ అనే ఇంగ్లీషు ఆయన ఒక గ్రహశకలాన్ని పట్టుకున్నాడు. ఆసియా ఖండంలో నుంచి దొరికిన మొదటిది కనుక దానికి 'ఏషియా' అనే పేరు పెట్టాడు. కోస్తా జిల్లాలూ సీమ జిల్లాలూ అప్పుడు మద్రాసు రాజధాని కింద ఉండేవి. మా ఖమ్మం మాత్రం నైజాములో ఉండేది. కనుక ఇక నైజాముకు పోదాం పదండి.

1887లో పారిస్‌లో పెద్ద సభ జరిగింది. ఫోటో తీయడం అప్పటికి కొత్త విద్య. కన్ను చూడలేని చుక్కల్ని గాజుపలక చూస్తోంది. "ప్రపంచంలోని వేధశాలలన్నీ ఆకాశాన్ని పొలంలా గట్లు వేసి పంచుకుందాం. ఎవరి చెక్క వాళ్ళు ఫోటో తీసి, ఒక్కొక్క చుక్క చోటూ కొలిచి రాద్దాం" అనుకున్నారు. పదీ పదిహేనేళ్ళలో అయిపోతుందనుకున్నారు పాపం! ఇల్లు కట్టేవాళ్ళంతా మేస్త్రీ చెప్పిన గడువు నమ్మినట్టే. డెబ్బై ఏళ్ళు దాటింది.

దక్షిణపు ఆకాశంలో 17 నుంచి 23 డిగ్రీల దాకా ఉన్న చెక్క మొదట దక్షిణ అమెరికాలోని చిలీ దేశపు సాంటియాగోకు వచ్చింది. వాళ్ళు చెయ్యలేక వదిలేశారు. పొలం బీడు పడింది. దాన్ని దున్నింది హైదరాబాదు.

హైదరాబాదుకు వేధశాల ఎలా వచ్చిందంటే అదో ముచ్చట. జాఫర్ జంగ్ అనే నవాబుగారికి చుక్కల పిచ్చి. నవాబులకు గుర్రాల పిచ్చి, ముత్యాల పిచ్చి ఉండటం విన్నాం కానీ చుక్కల పిచ్చి అరుదు. 1901లో ఆయన 15 అంగుళాల దూరదర్శిని ఒకటి ఇంగ్లండు నుంచి తెప్పించి, ఫిసల్‌బండలో తన జాగాలో పెట్టుకుని, నిజాం ప్రభువు అనుమతితో దానికి నిజామియా అనే పేరు పెట్టాడు. 1907లో ఆయన పోయాడు. పోతూ ఈ వేధశాల సర్కారు పరం కావాలని కోరుకున్నాడు. 1908లో సర్కారు తీసుకుంది. మూసీనదికి పెద్ద వరద వచ్చి నగరం కన్నీరు పెట్టిన ఏడాది కూడా అదే. ఆ కష్టకాలంలో చుక్కల లెక్క అక్కరలేదని ఎవరైనా అంటే కాదనేవాళ్ళు ఉండేవారా? అయినా సర్కారు మానలేదు. ఛాట్‌వుడ్ అనే ఆయన్ని అధికారిగా తెచ్చి, ఫోటోలు తీసే 8 అంగుళాల దూరదర్శినిని బేగంపేటలో నిలబెట్టించింది. అప్పటికి బేగంపేట ఊరికి దూరం, చీకటిగా ఉండే చోటు. ఇవాళ నమ్ముతారా?

1914లో పోకాక్ అనే కుర్రవాడు అధికారిగా వచ్చాడు. పని జోరందుకుంది. నాలుగేళ్ళు తిరక్కుండానే, 1918లో, ముప్ఫయి నిండకుండా చనిపోయాడు. అక్కడితో అంతా మూలపడాల్సిందే. కానీ అక్కడే పనిచేస్తున్న టి.పి. భాస్కరన్ ఆ బరువు తలకెత్తుకున్నారు. 1944 దాకా, అంటే పాతికేళ్ళ పైన, దించలేదు.

ఆయన చేతికి వచ్చిన మరుసటి ఏడాదే, 1919లో, వేధశాలను కొత్తగా పుట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయానికి అప్పగించారు. విశ్వవిద్యాలయం వయసు అప్పటికి ఒక్క ఏడాది. ఉయ్యాలలో ఉన్న పిల్లకు ఆకాశం రాసిచ్చారన్నమాట!

ఇక ఆ పని ఎలాంటిదో వినండి. రాత్రి ఒక గాజుపలక పెట్టి, ఆకాశంలో రెండు డిగ్రీల పొడుగు, రెండు డిగ్రీల వెడల్పు ముక్కను ఫోటో తీస్తారు. ఆకాశం తిరుగుతూ ఉంటుంది కనుక దూరదర్శిని కూడా దానితోపాటే, వణకకుండా తిరగాలి. మబ్బు పడితే ఆ రాత్రి వృథా. వానాకాలం మూడు నాలుగు నెలలు అసలే లేదు. వెన్నెల రాత్రులు పిండివంటలకు పనికొస్తాయి కానీ చుక్కల పనికి రావు. అలా 17 నుంచి 23 డిగ్రీల చెక్కకు 1914 నుంచి 1929 దాకా 1260 పలకలు తీశారు.

అంతటితో అయిందా? జర్మనీలో పోట్స్‌డామ్ వాళ్ళు తమ వాటా సగంలో వదిలేస్తే, అందులో ఉత్తరాన 36 నుంచి 39 డిగ్రీల చెక్కను కూడా హైదరాబాదే తీసుకుంది. 1928 నుంచి 1938 దాకా మరో 592 పలకలు. తన పొలం దున్నుకుని, పక్కవాడి పొలం కూడా దున్నిన రైతు మీకు ఈ కాలంలో ఎక్కడైనా దొరుకుతాడా?

రాత్రి పని అది. పగటి పని ఇంకా కష్టం. ఆ పలక మీద అయిదు మిల్లీమీటర్లకొకటి చొప్పున సన్నటి గళ్ళు ఉంటాయి, ముగ్గుకు పెట్టిన చుక్కల వరసల్లా. ఒక్కొక్క నక్షత్రం ఏ గడిలో, ఏ అంచుకు ఎంత దూరంలో ఉందో సూక్ష్మదర్శినిలో చూసి కొలవాలి, రాయాలి. పలక మీద ఒక మిల్లీమీటరు అంటే ఆకాశంలో డిగ్రీలో అరవయ్యో వంతు. పున్నమి చంద్రుణ్ణి ఆ కొలతన తీస్తే మూడు సెంటీమీటర్ల బిళ్ళ. అంటే మన రూపాయి బిళ్ళకన్నా కాస్త పెద్దది. అందులో వెంట్రుకవాసి తేడా రాకూడదు. ఇలా హైదరాబాదు వాళ్ళు కొలిచి అచ్చువేసినవి నాలుగు లక్షలకు పైచిలుకు చుక్కలు! బియ్యంలో రాళ్ళు ఏరిన చేతులకు తెలుస్తుంది ఆ కళ్ళ నొప్పి.

ఆ మాటకొస్తే చాలా దేశాల్లో ఈ కొలిచే పని ఆడవాళ్ళ చేతుల్లోనే పెట్టారు. రోములో పోపుగారి వేధశాలకు వచ్చిన చెక్కను నలుగురు సన్యాసినులు కొలిచారు. 1910 నుంచి 1921 దాకా, 4,81,215 నక్షత్రాలు. ఆ నలుగురి పేర్లు నూరేళ్ళ తర్వాత, 2016లో, పాత కాగితాల్లోంచి బయటపడ్డాయి: ఎమీలియా పొంజోనీ, రెజీనా కొలంబో, కొంచెట్టా ఫినార్డీ, లుయీజా పంచేరీ. అమ్మల పేర్లు ఇంటిపేర్ల వెనక మరుగున పడటం మనకు కొత్తా?

హైదరాబాదు చెక్కకు ఇంకో విశేషం ఉంది. మన పంచాంగంలోని రాశులు పన్నెండూ సూర్యుడు నడిచే దారిలో ఉంటాయి. గ్రహాలూ, గ్రహశకలాలూ కూడా ఇంచుమించు ఆ దారినే నడుస్తాయి. వృశ్చికం, ధనుస్సు, మకరం దగ్గర ఆ బాట హైదరాబాదు వాళ్ళ చెక్కలోంచే పోతుంది. అంటే బాటసారులు ఎక్కువగా తిరిగే వీధికి ఇంటినెంబర్లు వేసిన వాళ్ళు మనవాళ్ళు. ఐరోపా వేధశాలలకు ఈ వీధి నేలబారున, మంచులో కనిపిస్తుంది. మనకు నెత్తిమీదికి సగం పైకి వస్తుంది. వేసంగి రాత్రి డాబా మీద పడుకుంటే మీకే కనబడుతుంది, తేలుకొండి తిప్పుకుని వృశ్చికం.

పారిస్ పథకంలో ఒక ముచ్చటైన ఉపాయం కూడా ఉంది. పటం కోసం తీసే పలకల్ని ఒకసారి కాకుండా మూడుసార్లు, కొద్దికొద్దిగా జరిపి ఫోటో తీసేవారు. అప్పుడు ప్రతి నక్షత్రమూ మూడు చుక్కల చిన్న త్రికోణంలా పడుతుంది. గాజు మీద ధూళి పడితే ఒక్క మచ్చే ఉంటుంది. మరి త్రికోణం వంకరపోతే? అక్కడ కదిలేది ఏదో ఉంది, గ్రహశకలం! కదలనివాటి లెక్క రాసేవాళ్ళు కదిలేవాటికి కూడా గుర్తు పెట్టుకున్నారు.

ఇంత చేస్తే వచ్చిన పేరేమిటి? వృథాశ్రమ అన్న పేరు. పటం భాగం చివరికి పూర్తి కానేలేదు. పట్టిక భాగం పూర్తయి 46 లక్షల చుక్కలు పుస్తకాల్లోకి ఎక్కేసరికి పండితుల మోజు మారిపోయింది. నక్షత్రాలు ఎలా మండుతాయి, ఎలా పుడతాయి అని అడిగేవాళ్ళకు ఈ అంకెల పుస్తకాలతో పనేముంది? "మా వేధశాలల యౌవనమంతా ఇందులో కరిగిపోయింది" అని వాపోయినవాళ్ళు ఐరోపాలో చాలామంది. లావుపాటి సంపుటాలు అలమారాలెక్కాయి.

ఉస్మానియా మాత్రం ఆకాశాన్ని వదల్లేదు. భాస్కరన్ తర్వాత అక్బర్ అలీ గారు, ఆయన తర్వాత 1960లో అభ్యంకర్ గారు. బేగంపేట చుట్టూ దీపాలు పెరిగి ఆకాశం వెలిసిపోతుంటే, జపాల్, రంగాపురం అనే పల్లెల దగ్గర 48 అంగుళాల దూరదర్శిని పెట్టారు. 1968లో అది పనిలోకి వచ్చింది. అంతకుముందే నిజామియాలో పనిచేసే బప్పుగారి అబ్బాయి ఒకడు ఆ గుమ్మటాల నీడలో పెరిగి, హార్వర్డుకు చదువుకు పోయి, 1949లో ఒక తోకచుక్క కనిపెట్టాడు. ఆ వేణు బప్పు పేరు ఇవాళ ఒక గ్రహశకలానికి ఉంది, 2596వ నెంబరుది.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. 1980 ఫిబ్రవరి 16, శనివారం మధ్యాహ్నం సంపూర్ణ సూర్యగ్రహణం. రాయచూరు మీదుగా నల్గొండ, మా ఖమ్మం వైపు దాటుకుంటూ కోణార్క్ దాకా పోయింది ఆ నీడ. జపాల్-రంగాపురం సరిగ్గా ఆ నీడలో ఉంది. మన శాస్త్రజ్ఞులూ విదేశాల వాళ్ళూ పరికరాలతో వచ్చి దిగారు. అదే వేళకు తల్లాడలో మా అమ్మ, నన్ను కడుపులో పెట్టుకుని, చీకటి గదిలో వెల్లకిలా పడుకుని ఉంది. కదలొద్దు, కూరగాయ తరగొద్దు, గోరు గిల్లొద్దు, గ్రహణం మొర్రి వస్తుందని మా నాయనమ్మ గడప దగ్గర కాపలా. బయట కోళ్ళు గూట్లోకి పోయాయని తర్వాత చెప్పుకున్నారట.

"రేపు మళ్ళీ వచ్చేదా అది? తలుపు సందులోంచి వాకిట్లో వెలుగైనా చూడనివ్వలేదే" అని అమ్మ ఇప్పటికీ అంటుంది. నేను ఊరుకోక, "అక్కడ రంగాపురంలో అంతా తలెత్తి చూసి లెక్కలు రాసుకున్నారు తెలుసా?" అన్నానొకసారి. "రాసుకుంటే రాసుకున్నారు, వాళ్ళలో ఒక్కరైనా వచ్చి మా అత్తగారికి చెప్పారా?" అంది అమ్మ.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. రెండు జడల పిల్ల అడిగిన ప్రశ్న అమ్మ ప్రశ్నకు చెల్లెలే. మనవాళ్ళు ఏం చేశారో మనకు ఎవరూ చెప్పరు. చెప్పకపోతే ఏమీ చెయ్యలేదనే అనుకుంటాం.

ఇంతకీ అలమారాలెక్కిన సంపుటాల మాటేమైందంటే, 1989లో ఐరోపా వాళ్ళు హిప్పార్కస్ అనే ఉపగ్రహాన్ని పంపారు. నక్షత్రాల చోట్లు కొలవడమే దాని పని. అద్భుతంగా కొలిచింది. కానీ నక్షత్రాలు నిజానికి కదలనివి కావు, మన కంటికి తెలియనంత నెమ్మదిగా జరుగుతుంటాయి. ఎంత జరుగుతున్నాయో తెలియాలంటే కొత్త కొలత ఒక్కటే చాలదు. పిల్లవాడు ఎంత పెరిగాడో చెప్పాలంటే పాత చొక్కా ఉండాలి కదా! అప్పుడు గుర్తొచ్చింది పాత చిట్టా. హైదరాబాదు, రోము, పారిస్, సిడ్నీ... అందరూ రాసిన అంకెల్ని అమెరికా నౌకాదళపు వేధశాల వాళ్ళు కంప్యూటరుకు ఎక్కించి సరిచూశారు. వాటినీ హిప్పార్కస్ కొలతల్నీ పక్కపక్కన పెట్టి 2000 సంవత్సరంలో టైకో-2 అనే పట్టిక తయారుచేశారు. 25 లక్షల పైచిలుకు నక్షత్రాల చోటూ, నడకా అందులో ఉన్నాయి. వృథా అన్న శ్రమే దానికి పునాది. ఎనభై ఏళ్ళు ఆగినందువల్లనే విలువ పెరిగింది. ఊరగాయ లాగే!

ఇలాంటి పట్టికలు ఎందుకంటారా? అంతరిక్షంలో పోయే నౌకకు పైనా కిందా లేదు, మైలురాయి లేదు, "సత్తుపల్లి ఎటండీ?" అని అడగడానికి మనిషి లేడు. దాని దగ్గర ఉండే కెమెరా చుక్కల్ని ఫోటో తీసి, తనలో దాచుకున్న నక్షత్రాల పట్టికతో పోల్చుకుని, నేను ఇటు తిరిగి ఉన్నాను అని తెలుసుకుంటుంది. గ్రహశకలం ఎక్కడుందో భూమి మీద నుంచి చెప్పాలన్నా, ఏ చుక్కల మధ్య ఉందో చూసే చెప్పాలి. బెన్ను దారి చూపింది హైదరాబాదు పలకలే అని నేను గొప్పలు పోను. 2013లో వెళ్ళిన గయా అనే ఉపగ్రహం ఇప్పుడు అన్ని పట్టికల్నీ మించిపోయింది కూడా. నేననేది ఒకటే. అంతరిక్షంలో దారులు తెలిసే విద్య ఒకటి ఉంది, ఆ విద్య కొన్ని తరాల చిట్టాల మీద నిలబడింది, ఆ చిట్టాల్లో ఉస్మానియా చేతిరాత ఉంది.

అరిజోనా వాళ్ళ కథ మాత్రం వేరేనా? ఆ యూనివర్శిటీలో చంద్రుడి మీదా గ్రహాల మీదా పనిచేసే ప్రయోగశాలను 1960లో కైపర్ అనే ఆయన పెట్టాడు. పెద్ద పండితులు చంద్రుణ్ణి పట్టించుకోని రోజుల్లో ఆయన కూర్చుని చంద్రుడి ఫోటోలతో పటాలు కూర్చాడు. అక్కడా మొదలు చిట్టాతోనే! బెన్ను పథకానికి నాయకుడైన మైకేల్ డ్రేక్ కూడా, దానికి అనుమతి వచ్చిన కొద్ది నెలలకే, 2011 సెప్టెంబరులో పోయాడు. ఆయన దగ్గర పనిచేసిన డాంటే లోరెట్టా ఆ బరువు ఎత్తుకున్నాడు. పోకాక్ వెనక భాస్కరన్ గుర్తుకు రావడం లేదూ?

తీరా బెన్ను దగ్గరికి వెళ్ళి చూస్తే, ఇసుక పరిచినట్టు నున్నగా ఉంటుందనుకున్నది కాస్తా బండరాళ్ళ కుప్ప! దిగడానికి చోటేది? మళ్ళీ చిట్టాయే దిక్కయింది. 2019లో వేలమంది మామూలు మనుషులు, ఇళ్ళల్లో కంప్యూటర్ల ముందు కూర్చుని, నౌక పంపిన ఫోటోల్లో ఒక్కొక్క రాయినీ గుర్తించి కొలిచారు. చివరికి నాలుగు చోట్లు ఎంచి, నాలుగింటికీ పక్షుల పేర్లు పెట్టారు. అందులో గెలిచింది నైటింగేల్. నైటింగేల్ అనగానే హైదరాబాదు వాళ్ళకు గుర్తొచ్చేది ఎవరు? సరోజినీ నాయుడు! అక్కడి బండలకు కూడా పురాణ పక్షుల పేర్లే పెట్టారు. మా భద్రాచలం దగ్గరి జటాయువు వాళ్ళకు తెలిసి ఉంటే ఒక బండ దక్కేదేమో.

దిగే వేళకు నౌక ఉన్న దూరం 32 కోట్ల కిలోమీటర్ల పైన. మాట చేరడానికే 18 నిమిషాలు దాటుతుంది. కింది నుంచి "జాగ్రత్త, రాయి!" అని అరిచినా లాభం లేదు. నౌక తన కెమెరాతో కింద కనబడే బండల్ని, తన దగ్గర దాచిన బండల పట్టికతో పోల్చుకుంటూ, తనంతట తానే దిగింది. బేగంపేటలో గాజుపలక మీద గళ్ళలో చుక్కలు కొలిచిన పనికీ దీనికీ సామాను మారింది, అంతే.

ఇక ఈ చిట్టాలతో మనకేం పని అనేవారికి ఒక తేదీ చెబుతాను. 2182 సెప్టెంబరు 24. ఆ రోజు బెన్ను భూమిని ఢీకొనే అవకాశం 2700లో ఒక వంతు ఉందని లెక్క తేల్చారు. భయపడకండి, తగలకపోవడానికే 2699 వంతులు ఉన్నాయి. కానీ ఆ లెక్క ఇంత కచ్చితంగా చెప్పగలిగింది నౌక అక్కడ రెండేళ్ళు ఉండి కొలవబట్టే. అదే నౌక ఇప్పుడు పేరు మార్చుకుని ఇంకో గ్రహశకలం వైపు సాగుతోంది. అపోఫిస్ అని, 2029 ఏప్రిల్ 13న భూమికి 32 వేల కిలోమీటర్ల దాకా వచ్చి పోతుంది. 2182 నాటికి మనం ఉండం, మన మనవల మనవలు ఉంటారు. తెచ్చిన మట్టిలో ఎక్కువ భాగాన్ని కూడా ఇంకా పుట్టని శాస్త్రజ్ఞుల కోసం అలాగే దాచి ఉంచుతున్నారు. రాసిపెట్టడం, దాచిపెట్టడం... మన ముసలమ్మలు విత్తనాలు దాచినట్టే.

యూనివర్శిటీ చేసే మేలు ఏమిటని ఎవరైనా అడిగితే ఉద్యోగాలనీ, పట్టాలనీ అంటాం. తన కాలంలో ఎవరికీ అక్కరలేని లెక్కను తప్పుల్లేకుండా రాసి, అక్కర వచ్చేదాకా దాచడం కూడా దాని పనే. ఉస్మానియా ఆ పని చేసింది. చేసిన సంగతి ఇంటింటికీ చెప్పడం ఒక్కటే మిగిలిపోయింది. గ్రహణం నాడు తలుపులు వేసుకున్న ఇళ్ళకూ, వెనక వరస పిల్లలకూ.

ఈసారి హైదరాబాదు వెళ్తే బేగంపేటలో ఆర్థిక, సామాజిక అధ్యయనాల సంస్థ వైపు ఓసారి చూడండి. చెట్ల మధ్య పాడుపడ్డ గుమ్మటాలు కనిపిస్తాయి. చుట్టూ దీపాల వెలుగులో అక్కడి నుంచి ఇవాళ పెద్ద చుక్కలు కూడా సరిగా కనబడవు. అయినా ఆ సంస్థ చిరునామాలో మాత్రం ఇప్పటికీ ఒక పాత మాట మిగిలి ఉంది: 'నిజామియా అబ్జర్వేటరీ ఆవరణ'. పోస్టుమాను రోజూ ఆ పేరు చదివి ఉత్తరాలు ఇచ్చిపోతున్నాడు.